పేగు కోసి చూడందే మందు మాట వద్దు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ చేప కడుపు చుట్టూనే తిరిగాయి. బయటికి పుండు లేదు, పొలుసు ఊడలేదు, మొప్పలు ఎర్రగానే ఉన్నాయి, అయినా చేప చిక్కిపోతోంది, మేత తిన్నా ఒంటికి పట్టడం లేదు అంటూ నెల్లూరు వైపు నుంచి, ప్రకాశం తీరం నుంచి రాశారు. చర్మం మీద, మొప్పల మీద ఉండే పరాన్నజీవుల గురించి ఈ శీర్షికలో చాలాసార్లు మాట్లాడుకున్నాం. పేగులో కాపురం పెట్టే ఏకకణ జీవుల గురించి మాత్రం విడిగా చెప్పుకోలేదు. ఈసారి చోటంతా వాటికే.

ఉద్యోగమంతా ల్యాబులో మైక్రోస్కోపు ముందు గడిపినదాన్ని. అందుకని నాకొక పట్టుదల ఉంది, ముందే చెప్పేస్తాను. అప్పుడే చంపిన చేప పేగును గాజు పలక మీద పెట్టి చూడకుండా ఎవరికీ మందు పేరు చెప్పను. ఫోటో పంపి మందు రాయమని అడిగినవాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్ గారూ, అర ఎకరం నర్సరీ గుంటలో బంగారుతీగ పిల్లల్ని పెంచుతా ఉండాను. వేలెడు కూడా ఎదగలేదు. తలలు పెద్దవిగా, ఒళ్లు సన్నగా అయిపోయి గట్టు పక్కన నిలబడిపోతా ఉండాయి. కళ్లు లోపలికి పోయినాయి. వెనకమాల తెల్లటి దారం వేలాడతా ఉండాది. మందుల షాపులో కోళ్లకిచ్చే కాక్సీ మందు మేతలో కలపమన్నారు. కలపమంటారా? మీరు చూస్తారని కొన్ని పిల్లల్ని కవర్లో పంపినాను.
— చేపపిల్లల రైతు, ఇందుకూరుపేట

జవాబు: పిల్లల్ని ఆక్సిజన్ కవర్లో బతికుండగా పంపారు చూడండి, సగం పని అక్కడే అయిపోయింది. చచ్చినవాటిని ఐసులో పెట్టి పంపి ఉంటే నేను చెప్పగలిగేది చాలా తక్కువ. చేప చనిపోయిన కాసేపటికే పేగు లోపొర కరగడం మొదలవుతుంది. దాంతోపాటు మనం వెతికేదీ ఆనవాలు లేకుండా పోతుంది.

ఒకదాన్ని మలద్వారం దగ్గర మొదలుపెట్టి సన్న కత్తెరతో పొట్ట తెరిచాను. బంగారుతీగకు జీర్ణాశయం ఉండదు. గొంతు దాటితే నేరుగా పేగే. ఆరోగ్యంగా ఉన్న పిల్లలో ఆ పేగు మేతతో నిండి ముదురు రంగులో కనబడుతుంది. మీ పిల్లలో ముందు భాగం పల్చబడి, మేత మెతుకు లేకుండా, పసుపు కలిసిన తెల్లటి జిగురుతో ఉంది. ఆ జిగురు ఆవగింజంత తీసి, ఉప్పునీటి చుక్కలో కలిపి, పైన కవర్ స్లిప్ వేసి 400 రెట్లు పెంచి చూశాను. గుండ్రటి తిత్తులు, గోడ చాలా పల్చన. ఒక్కో తిత్తిలో నాలుగు చిన్న అరలు. ఒక్కో అరలో వంకర తిరిగిన పిల్లకణాలు రెండేసి. కొన్ని తిత్తులు విడిగా తేలుతున్నాయి, కొన్ని పసుపుపచ్చటి ముద్దల్లో గుంపుగా చిక్కుకుని ఉన్నాయి. ఆ పసుపు ముద్దలు కనబడ్డాక నాకు అనుమానం మిగల్లేదు. ఇది గౌసియా కార్పెల్లి అనే కాక్సీడియా.

షాపువాళ్లు కాక్సీ అన్నది, పేరు వరకు, నిజమే. కోళ్లకు రక్తపు విరేచనాలు తెప్పించే ఐమీరియాకు ఇది దాయాది. రెండూ ఒకే కణంతో బతికేవి, రెండూ పేగు లోపొర కణాల్లోకి దూరి అక్కడే పిల్లలు పెట్టేవి. తేడా ఎక్కడంటే, కోడి పెంటలో పడిన ఐమీరియా తిత్తి బయట కొంతకాలం ముదిరితేగాని ఇంకో కోడికి అంటదు. గౌసియా తిత్తి చేప ఒంట్లోనే ముదిరిపోతుంది. మలంతో నీళ్లలో పడ్డప్పుడే అది అంటించడానికి సిద్ధంగా ఉంటుంది. కిక్కిరిసిన నర్సరీ గుంటలో దీనికి ఎంత అనుకూలమో మీరే ఆలోచించండి. ఒక పిల్ల వదిలిన తిత్తిని మరొకటి మింగుతుంది. తిత్తి లోపలి ఎనిమిది కణాలూ బయటికొచ్చి, ఒక్కొక్కటీ ఒక్కో పేగు కణంలోకి దూరతాయి. అక్కడ పెరిగి, ముక్కలై, ఆ కణాన్ని పగలగొట్టుకుని పక్క కణాలకు పాకుతాయి. చివరికి ఆడ మగ రూపాలు కలిసి మళ్లీ తిత్తులు తయారవుతాయి. టర్కీ తువ్వాలు మీద నూగంతా రాలిపోతే అది ఎలా నీళ్లు పీల్చలేదో, ఈ దెబ్బ తిన్న పేగూ అలాగే మేతను పీల్చలేదు. మీకు కనబడే తెల్ల దారం రాలిన ఆ పొర, దానికి తోడు జిగురు. లోపల పురుగేదో వేలాడుతోందని భయపడనక్కర్లేదు.

ఇక మందు సంగతి. కోళ్ల మోతాదు కోడి శరీరానికి లెక్క కట్టింది. అదలా ఉంచి, మీ గుంటలో జబ్బు చేసిన పిల్లలు మేత ముట్టడం లేదు. మేతలో కలిపిన మందు ఆరోగ్యంగా ఉన్నవి తింటాయి, మిగిలింది బురదలో కలుస్తుంది. మందు అవసరమైన పిల్ల నోట్లోకి మాత్రం వెళ్లదు. పాతకాలంలో బంగారుతీగ కాక్సీడియాకు ఫ్యూరాజోలిడోన్ వాడేవారు. అది నైట్రోఫ్యూరాన్ జాతి మందు. ఆహారంగా తినే చేపకు, రొయ్యకు వాడకూడదని నిషేధించిన జాబితాలో ఉంది. ఇప్పటికీ ఎవరైనా దాని పేరు చెబితే ఆ మనిషి సలహా ఇంకెప్పుడూ అడగవద్దు.

మీరు చేయాల్సింది ఇది. ముందు గుంటలో జనాభా తగ్గించండి. సగం పిల్లల్ని వేరే గుంటకు మారుద్దామనిపిస్తుంది, ఆ పని చేయకండి. తిత్తుల్ని మోసుకెళ్లి శుభ్రమైన గుంటలో పోసినట్టవుతుంది. గట్టు పక్కన నిలబడిపోయిన పిల్లల్ని వలతో ఎత్తి, దూరంగా పూడ్చేయండి. మిగిలిన వాటికి మేత తగ్గించి, నీటిలో సహజమైన మేత పెరిగేలా చూడండి. తట్టుకుని నిలిచిన పిల్లకు ఈ జబ్బు పట్ల నిరోధక శక్తి వస్తుంది, రెండోసారి అంతగా పట్టదు. అందుకే పెద్ద చేపల్లో ఇది జబ్బుగా కనబడడం అరుదు. అలాగని వాటిని నమ్మడానికి లేదు. పైకి నిగనిగలాడే తల్లి చేప కూడా కొద్దికొద్దిగా తిత్తులు వదులుతూ ఉండొచ్చు. నర్సరీ గుంటలో పెద్ద బంగారుతీగ ఒక్కటి కూడా ఉండకూడదని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

పిల్లల్ని ఎత్తేశాక గుంటను పూర్తిగా ఎండగట్టండి, నేల నెర్రెలు విచ్చేదాకా. తిత్తులు మందు నీళ్లకు లొంగవు, ఎండకు, ఆరుడుకు లొంగుతాయి. పైన మెత్తటి నల్ల బురదను చెక్కి తీసేయండి. ఆ బురదలో ఎర్రగా, వెంట్రుక మందాన కదిలే ట్యూబిఫెక్స్ పురుగులుంటాయి. అవి బురదతో పాటు తిత్తుల్ని మింగి ఒంట్లో దాచుకుంటాయి. చేపపిల్ల ఆ పురుగును తింటే జబ్బు కూడా లోపలికి పోతుంది. నేల ఉదజని సూచిక (పీహెచ్) చూసుకుని ఎకరానికి 80 నుంచి 200 కిలోల వరకు సున్నం వేయండి. నెల్లూరు మే ఎండ ఏ షాపూ అమ్మలేని మందు. దాన్ని వదులుకుని నీళ్లు పెట్టేస్తే మళ్లీ ఇదే కథ.

ప్రశ్న: ఆంటీ, నేను ఇంటర్ చదువుతున్నాను. మా ఇంట్లో అక్వేరియంలో నాలుగు ఏంజెల్ చేపలున్నాయి. ఒకటి మూలకు పోయి నిలబడుతోంది, మేత నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తోంది. తెల్లగా, పొడుగ్గా దారంలా విసర్జిస్తోంది. షాపులో మెట్రోనిడజోల్ బిళ్ల నీళ్లలో వేయమన్నారు. మా తాతయ్యకు విరేచనాలప్పుడు ఇచ్చిన బిళ్ల కూడా అదే. మనుషుల మందు చేపకు పని చేస్తుందా?
— ఇంటర్ విద్యార్థి, మాగుంట లేఅవుట్, నెల్లూరు

జవాబు: బాబూ, చాలా మంచి ప్రశ్న అడిగావు. పని చేస్తుంది, కారణం కూడా చెబుతాను. ఏంజెల్ చేప పేగులో స్పైరోన్యూక్లియస్ వోర్టెన్స్ అనే ఏకకణ జీవి ఉంటుంది. 1995లో దాన్ని ఏంజెల్ చేపలోనే గుర్తించి పేరు పెట్టారు. దానికి ఈదడానికి పనికొచ్చే కొరడాల్లాంటి ఎనిమిది కశాభాలు, ముందు ఆరు, వెనక రెండు. మనుషులకు విరేచనాలు పెట్టే జియార్డియా దీని చుట్టమే. 1681లో డచ్ శాస్త్రజ్ఞుడు లీవెన్‌హుక్ తన మలాన్నే తను చేసుకున్న కటకం కింద పెట్టి చూసినప్పుడు కదులుతూ కనిపించినవి ఆ జియార్డియాలే అంటారు. చుట్టాలు గనక మందూ ఒకటే అయింది. ఈ జీవులు ఆక్సిజన్ లేని చోట బతుకుతాయి. వాటి ఒంట్లోకి వెళ్లాక మెట్రోనిడజోల్ విషంగా మారుతుంది.

అయితే తెల్ల దారం కనబడినంత మాత్రాన అది స్పైరోన్యూక్లియస్ అని తేలిపోదు. ఏ కారణం వల్లనైనా చేప తిండి మానేస్తే పేగులోంచి ఉత్త జిగురే బయటికొస్తుంది, అదీ తెల్లగానే ఉంటుంది. కొత్త నీళ్లు, చలి, తోటి చేపల వేధింపు, ఏదైనా కారణం కావచ్చు. కాపిల్లేరియా అనే సన్నటి పురుగు కూడా ఏంజెల్ చేప పేగులో ఉంటుంది, దానికి వేరే మందు. నీ దగ్గర, లేదా మీ కాలేజీ ల్యాబులో మైక్రోస్కోపు ఉంటే ఆ తెల్ల దారాన్ని తాజాగా, పడీపడగానే డ్రాపర్‌తో పీల్చి, అదే నీటి చుక్కలో 400 రెట్లలో చూడు. స్పైరోన్యూక్లియస్ ఉంటే వెతకాల్సిన పని ఉండదు. చిన్న చిన్న కణాలు వంకర టింకరగా దూసుకుపోతుంటాయి, చూపు నిలవనివ్వవు. నీళ్లు చల్లారి, చుక్క ఆరుతున్న కొద్దీ నెమ్మదించి ఆగిపోతాయి. అందుకే తాజాగా అన్నాను.

ఉన్నాయని తేలితే, మందును నీళ్లలో వేయడం కన్నా మేతలో కలిపి తినిపించడం మేలు. జబ్బు ఉన్నది పేగులో గదా. చేప బరువు కిలోకు రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున అయిదు రోజులు ఇస్తారు. నీ ఏంజెల్ పది గ్రాములు కూడా ఉండదు కాబట్టి కొలత చాలా చిన్నది, ఒక పశువైద్యుడి చేత తూయించుకో. తినడం పూర్తిగా మానేసిన చేపకు నీళ్లలో వేయక తప్పదు. ఆ చేపను విడిగా చిన్న తొట్టిలో ఉంచి వేయి. ఆ నీళ్లను కాలవలోనో చెరువులోనో పోయవద్దు.

ఇంకో మాట, దీన్ని మీ ఇంట్లో పెద్దవాళ్లకూ చదివి వినిపించు. ఈ మందు అక్వేరియం చేపకు మాత్రమే. మనం తినే చేపకు, రొయ్యకు మెట్రోనిడజోల్ వాడకూడదు, మన దేశంలో నిషేధిత మందుల జాబితాలో అది ఉంది. మీ చుట్టాల్లో ఎవరికైనా చేపల చెరువు ఉండి, "మా చేపలకూ తెల్ల దారం పడుతోంది, నీ బిళ్లలు ఇటివ్వు" అంటే ఇవ్వకు.

షాపులో కప్పులో పెట్టి అమ్మే బతికిన ఎర్ర పురుగులు వేస్తున్నావా? అవే పై ఉత్తరంలో చెప్పిన ట్యూబిఫెక్స్. గోల్డ్‌ఫిష్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి, బంగారుతీగకు వచ్చే గౌసియా గోల్డ్‌ఫిష్‌కూ వస్తుంది. ఎండబెట్టిన మేతకు మారితే మంచిది.

ప్రశ్న: అక్కా, ఇది చేప గాదు, రొయ్య. అయినా పేగు గురించే కాబట్టి రాస్తున్నా. వెన్నామి వేసి 70 రోజులైంది, ఇంకా 150 కౌంటులోనే (కిలోకు 150 రొయ్యలు) ఉంది. మేత తిన్నదీ లేనిదీ చూసుకునే చెక్ ట్రేలో మేత మిగులుతోంది. గాలివాటు మూలన తెల్లటి పోగులు తేలుతున్నాయి. టెక్నీషియన్ ఒకాయన రొయ్య గట్ (పేగు) నలిపి మైక్రోస్కోపులో చూపించాడు. పురుగుల్లాంటివి బోలెడు కనబడ్డాయి. గ్రెగరిన్లు అన్నాడు. పురుగు మందు వాడించాడు, వెల్లుల్లి వాడించాడు, తగ్గలేదు. పక్క గుంటలో కూడా మొదలైంది. నిద్ర పట్టడం లేదు.
— రొయ్యల రైతు, కొత్తపట్నం

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పెట్టుబడి నీళ్లలో ఉన్నప్పుడు రాత్రిళ్లు ఎలా గడుస్తాయో తీరం వెంబడి ఏ ఊరికి వెళ్లినా చూస్తూనే ఉన్నాను. నెమ్మదిగా, పూర్తిగా జవాబిస్తాను.

గ్రెగరిన్లు అనేవి ఉన్నాయి, అబద్ధం కాదు. అవీ ఏకకణ జీవులే. నెమటాప్సిస్ అనే రకం రొయ్య పేగులో ఉంటుంది. సముద్రపు ఆల్చిప్పలు, నత్తలు, బురదలో ఉండే పురుగుల ద్వారా రొయ్యకు చేరుతుంది. కొద్దిగా ఉంటే రొయ్యకు పెద్ద నష్టం లేదు. కానీ వైట్ ఫీకల్, అంటే రొయ్య తెల్లటి మలం వదిలే జబ్బు, ఉన్న గుంటలో, గట్ నిండా పురుగుల్లాంటివి బోలెడు కనబడ్డాయంటే నా అనుమానం వేరే. 2014లో థాయ్‌లాండ్ శాస్త్రవేత్తలు ఈ పురుగుల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, అసలు ఇవి జీవులే కావని తేల్చారు. రొయ్య లివర్ నాళాల లోపొర మీద ఉండే సూక్ష్మమైన నూగు ఊడిపోయి, ఒకదానికొకటి అంటుకుని, చుట్టలు చుట్టుకుని పురుగు ఆకారం తీసుకుంటుంది. అది గట్‌లోకి జారి, మలంతో బయటికొస్తుంది. మీ గుంట మూలన తేలే తెల్ల పోగులు అవే.

రెండింటినీ వేరు చేయడం కష్టం కాదు, కాస్త ఓపిక కావాలి. నిజమైన గ్రెగరిన్‌కు లోపల గుండ్రటి కేంద్రకం స్పష్టంగా కనబడుతుంది, ఒళ్లు అడ్డుగోడతో రెండు భాగాలుగా ఉంటుంది, అది తనంతట తాను జరుగుతుంది. ఊడిన నూగు చుట్టలో కేంద్రకం ఉండదు, అడ్డుగోడ ఉండదు, నీళ్లు కదిలితే తప్ప కదలదు. మీ టెక్నీషియన్‌ను మళ్లీ పిలిచి, ఈ మూడూ పక్కన కూర్చుని మీ కళ్లతో చూడండి. ప్రాణం లేని చుట్టకు పురుగు మందు పోస్తే ఏం లాభం? ఆ డబ్బు మీకు తిరిగి రాదు. ఇది చెబుతుంటే నాకు కోపమొస్తోంది. మీ మీద కాదు, చూసీ చూడనట్టు చూసి మందు అంటగట్టే అలవాటు మీద.

మరి ఆ నూగు ఎందుకు ఊడింది? 70 రోజులకు 150 కౌంటు అంటే నేను ముందుగా అనుమానించేది ఈహెచ్‌పీ. ఎంటెరోసైటోజూన్ హెపటోపెనై. 2009లో థాయ్‌లాండ్‌లో టైగర్ రొయ్యలో దీన్ని వర్ణించి పేరు పెట్టారు. మన దేశంలో వెన్నామికి అనుమతి వచ్చిందీ అదే ఏడాది. ఇది మైక్రోస్పోరిడియా తెగది, ఇప్పుడు వీటిని శిలీంధ్రాల చుట్టాలుగా లెక్కిస్తున్నారు. దీని బీజం పొడవు మిల్లీమీటరులో దాదాపు వెయ్యో వంతు. 400 రెట్లలో చూసి ఉందనీ లేదనీ చెప్పేవాళ్లను నమ్మకండి. ఈ బీజంలో చుట్ట చుట్టుకున్న సన్నటి గొట్టం ఉంటుంది. లివర్ కణం దగ్గరికి చేరగానే ఆ గొట్టాన్ని విసిరి, కణం గోడను పొడిచి, తన లోపలి సరుకంతా అందులోకి ఎక్కించేస్తుంది. రొయ్య తిన్న మేతలోని బలం దాని పెంపకానికే పోతుంది. రొయ్య చావదు, ఎదగదు. అందుకే రైతు కనిపెట్టేసరికి ఆలస్యమవుతుంది. ఈహెచ్‌పీ ఉన్న గుంటల్లో వైట్ ఫీకల్ తరచుగా కనబడుతుంది, ఉన్న ప్రతి గుంటలోనూ రాదు. విబ్రియో బ్యాక్టీరియా తోడైతే పరిస్థితి ముదురుతుంది.

దీన్ని తేల్చేది పీసీఆర్ పరీక్ష ఒక్కటే, అంటే క్రిమి జన్యుపదార్థాన్ని వెతికి పట్టే ల్యాబు పరీక్ష. రొయ్యల్ని చంపకుండా చెక్ ట్రేలో పడిన మలాన్ని, తేలే తెల్ల పోగుల్ని పంపినా సరిపోతుంది. ఉందని తేలితే ఈ పంటలో దాన్ని తుడిచిపెట్టే మందు లేదు, ఎవరెన్ని డబ్బాలు చూపించినా. మేత తగ్గించండి. ఏరేటర్లు ఆపవద్దు. అడుగున చేరిన మలాన్ని, బురదను వీలైనంత తోడేయండి. రొయ్య తోటి రొయ్య మలం తిని, చచ్చిన రొయ్యను తిని దీన్ని అంటించుకుంటుంది. కౌంటు ఆగిపోయి, మేత ఖర్చు పెరుగుతున్న కొద్దీ నష్టం పెరుగుతుంది కాబట్టి, ధర చూసుకుని త్వరగా పట్టుబడి పెట్టుకోవడమే చాలామందికి మిగిలే దారి. పట్టేటప్పుడు ఆ నీళ్లను శుద్ధి చేయకుండా కాలవలోకి వదలవద్దు. మీ తర్వాతి గుంట రైతు తోడుకునేది ఆ నీళ్లే. పక్క గుంటలో మొదలైందన్నారు, ఒకే వల, ఒకే చెక్ ట్రే, ఒకే బకెట్ రెండు గుంటల్లో తిరుగుతున్నాయేమో ఇవాళే చూడండి.

అసలు పని వచ్చే పంటకు ముందు ఉంటుంది. గుంట ఎండగట్టి, హెక్టారుకు 6 టన్నులు, అంటే ఎకరానికి దాదాపు 2.4 టన్నుల కాల్చిన సున్నం వేసి, 10–12 సెంటీమీటర్ల లోతు దున్ని, తర్వాత నేల తడపాలి. తడిపితేనే సున్నం పని చేస్తుంది. నేల ఉదజని సూచిక 12కు చేరి, రెండు మూడు రోజులు అక్కడ నిలవాలి. చేపల చెరువుకు పైన చెప్పిన లెక్క వేరు, దీని లెక్క వేరు, కలపకండి. మామూలు వ్యవసాయ సున్నం దీనికి పనికిరాదు. ఖర్చుతో కూడిన పని అని నాకు తెలుసు. సగం మోతాదు వేసి సరిపెట్టుకుంటే ఆ సగం డబ్బూ వృథా. హేచరీలో పిల్ల కొనేముందు పీసీఆర్ కాగితం అడగండి, మీ గుంటలో వేయబోయే బ్యాచ్‌దే అడగండి.

ప్రశ్న: అమ్మా, ఆదివారం పులుసుకు చేప తెచ్చాం. కడుగుతుంటే పొట్ట లోపల నల్లటి పొర కనబడింది, పేగులో పసుపు జిగురు ఉంది. మా అత్తగారు పారేయమన్నారు, మా ఆయన ఏం కాదన్నారు. చేప పేగులో ఉండే ఈ క్రిములు మనకు వస్తాయా?
— గృహిణి, సింగరాయకొండ

జవాబు: ఆ నల్ల పొర జబ్బు కాదమ్మా. కొన్ని కార్పు చేపల్లో పొట్ట లోపలి పొర పుట్టుకతోనే నల్లగా ఉంటుంది. పసుపు జిగురు పైత్యరసం వల్ల కూడా వస్తుంది. ఇక చేప కాక్సీడియాలు చేపల్లోనే బతుకుతాయి, మనుషుల పేగులో నిలవవు. పైగా మీరు పేగు తీసేస్తారు, చింతపండు పులుసులో మామిడికాయ ముక్కతో కుతకుతా ఉడికిస్తారు. ఏ ఏకకణ జీవీ దానికి తట్టుకోదు. చేప మెత్తబడి, మొప్పలు గోధుమ రంగుకు తిరిగి, వాసన వస్తుంటే మాత్రం మీ అత్తగారి మాట వినండి. అప్పుడు భయపడాల్సింది బ్యాక్టీరియాకు. పెరట్లో చేపల తొట్టి ఉంటే ఆ పేగుల్ని అందులో వేయకండి.

ప్రశ్న: మేడమ్, డిగ్రీలో జువాలజీ చదువుతున్నాను. ప్రాక్టికల్స్‌లో గడ్డిచేప వెనక పేగు తెరిచి చూస్తే ఒళ్లంతా కదిలే వెంట్రుకలున్న పెద్ద కణాలు వందల్లో కనబడ్డాయి. చేప మాత్రం ఆరోగ్యంగా, కొవ్వు పట్టి ఉంది. ఇవి పరాన్నజీవులేనా? మిక్సోస్పోరిడియా కూడా ఏకకణ జీవులే గదా, అవి కూడా పేగులో ఉంటాయా?
— డిగ్రీ విద్యార్థిని, కావలి

జవాబు: నువ్వు చూసింది బాలాంటిడియం టీనోఫారింగోడోనిస్ అయి ఉండాలి తల్లీ. గడ్డిచేప పేగులో ఉండే శైలికామయ జీవి, అంటే నువ్వు చూసిన ఆ కదిలే వెంట్రుకలున్న ఏకకణ జీవి. 1955లో చైనాలో వర్ణించారు. గడ్డిచేపను అక్కడి నుంచి ఏ దేశానికి తీసుకెళితే అక్కడికి ఇదీ వెంట వెళ్లింది. గడ్డి తిని అరిగీ అరగని పదార్థం చేరే వెనక పేగులో, ముడతల మధ్య, కిక్కిరిసి ఉంటుంది. ఆ అరిగీ అరగనిదే దాని తిండి. పేగు పొరను సాధారణంగా కొరకదు. నీ చేప కొవ్వు పట్టి ఉందన్నావు, దాన్నిబట్టే తెలుస్తోంది. వేరే కారణంతో పేగు పుండుపడితే మాత్రం ఇవి పుండు చుట్టూ గుమిగూడి కనబడతాయి. అప్పుడు నేరం వీటి మీద వేసి, అసలు కారణాన్ని వదిలేసే ప్రమాదం ఉంది. కదిలేదల్లా శత్రువు కాదని నీ రికార్డులో రాసుకో. బొమ్మ గీసేటప్పుడు ముందు వైపు ఉండే నోటి గాడిని, పెద్ద కేంద్రకాన్ని మరిచిపోకు.

మిక్సోస్పోరిడియా సంగతి పాత పుస్తకాల్లో నువ్వన్నట్టే ఉంటుంది, ప్రోటోజోవా కింద. ఇప్పుడు అలా చెప్పడం లేదు. అవి జెల్లీ చేపలు ఉండే నిడేరియా వర్గపు జంతువులని, పరాన్నజీవనానికి అలవాటు పడి బాగా కుదించుకుపోయాయని జన్యు పరీక్షలు తేల్చాయి. వాటి బీజం ఒక్కటే కణం కాదు, చాలా కణాలు కలిసి కట్టిన నిర్మాణం. ఇవి పేగులోనూ ఉంటాయి. బంగారుతీగ పేగులో థెలోహానెల్లస్ కిటావీ అనే రకం కంటికి కనబడే గడ్డలు కట్టి దారి మూసేస్తుంది. పరీక్షలో ప్రోటోజోవా అని రాస్తే మార్కులు వేసేవాళ్లు ఇంకా ఉండొచ్చు, నువ్వు మాత్రం సరైనదే రాయి.

ప్రశ్న: చేపల్ని పరీక్షకు ఎలా పంపాలి? ఎక్కడికి పంపాలి?
— చాలామంది పాఠకులు

జవాబు: నెల్లూరు వైపు వారికి ముత్తుకూరులో మత్స్య విజ్ఞాన కళాశాల ఉంది. ఊళ్లో గ్రామ మత్స్య సహాయకుణ్ణి అడిగితే దగ్గరలోని ల్యాబు దారి చెబుతారు. పంపేటప్పుడు చచ్చి తేలినవి వద్దు. గట్టు పక్కన నిలబడి, చెయ్యి పెడితే కదిలీ కదలనట్టుండే అయిదారు చేపలు కావాలి, వాటితో పాటు ఆరోగ్యంగా ఈదే రెండు. పోల్చి చూడడానికి ఆ రెండూ ఎంత అవసరమో చెప్పలేను. మూడో వంతు చెరువు నీళ్లు, మిగతాది ఆక్సిజన్ నింపిన రెండు పొరల పాలిథిన్ కవర్లో, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు బయల్దేరండి. మేత ముందు రోజు నుంచే ఆపేయండి, లేకపోతే దారిలో నీళ్లు పాడవుతాయి. చెరువు నీళ్లు విడిగా ఒక శుభ్రమైన సీసాలో తేవాలి. ఒక కాగితం మీద పిల్ల ఎప్పుడు వేశారు, ఎకరానికి ఎంత వేశారు, మేత ఏంటి, ఇప్పటిదాకా ఏ మందులు వాడారు, అన్నీ రాయండి. వాడిన మందు దాచవద్దు. డబ్బా మీద పేరు గుర్తులేకపోతే ఖాళీ డబ్బానే సంచిలో వేసుకుని రండి.